పాంక్రియాస్ క్యాన్సర్ నాలుగో స్టేజీకి లైట్ థెరపీ అంటున్నారు, నమ్మొచ్చా?

సుధ_టెక్కలి

నాన్నకి 63 ఏళ్ళు. ఈ మధ్య కళ్ళు పచ్చబడి ఒళ్ళంతా దురద మొదలైంది. ఊళ్ళో వాళ్ళు పచ్చకామెర్లన్నారు, పసరు మందు పోయించారు. నొప్పి లేదు కదా అని ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. మనిషి చిక్కిపోతుంటే విశాఖ తీసుకెళ్ళాం. సీటీలో పాంక్రియాస్ తల భాగంలో గడ్డ, లివర్‌లో మచ్చలు కనిపించాయి. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం (ఎండోస్కోప్) పంపి, పైత్యనాళంలో స్టెంట్ వేశారు. బయాప్సీలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ కుదరదు, కామెర్లు దిగగానే కీమో మొదలుపెడదాం అన్నారు డాక్టరు గారు.

ఇంతలో మా బాబాయి ఒక సెంటర్ సంగతి పట్టుకొచ్చారు. ఏవో చుక్కలు నాలుక కింద వేసి, కాసేపాగి ఎర్ర లైట్ల మంచం మీద పడుకోబెడతారట. క్యాన్సర్ కణాలు మాత్రమే చస్తాయట. జుట్టు ఊడదు, వాంతులు ఉండవు అంటున్నారు. అడ్వాన్సే లక్షల్లో అడుగుతున్నారు. పైగా "ముందు కీమో ఎక్కించుకుంటే మా లైట్ పనిచేయదు, తేల్చుకుని రండి" అన్నారట. నాన్నకి కీమో పేరు వింటేనే భయం, ఆయన అటే మొగ్గుతున్నారు. నెట్‌లో వెతికితే లైట్ థెరపీ మీద నిజంగానే రీసెర్చ్ పేపర్లు కనిపిస్తున్నాయి. అందుకే ఇంకా టెన్షన్. ఇది నిజమా, మోసమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఖమ్మం_కుర్రోడు

నాకొక డౌట్. మా పాప పుట్టినప్పుడు కామెర్లొస్తే నీలం లైటు కింద పెట్టారు, తగ్గిపోయింది. ఆ లెక్కన పెద్దవాళ్ళ కామెర్లకి కూడా లైటు పనిచేయాలిగా? ఆ సెంటర్ వాళ్ళు చెప్పేది అదేనేమో.

గ్యాస్ట్రో_పీజీ

కాదండీ, ఆ రెండూ వేరు. పసిపిల్లల కామెర్లలో లివర్ ఇంకా పూర్తిగా పని అందుకోదు కాబట్టి బిలిరుబిన్ పేరుకుంటుంది. నీలం కాంతి చర్మంలో ఉన్న ఆ బిలిరుబిన్ ఆకారాన్ని మార్చేస్తుంది, అప్పుడు లివర్ సాయం పెద్దగా లేకుండానే బయటకి పోతుంది. ఇంగ్లండ్‌లో రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఎండ తగిలిన చోట పాపాయి ఒంటి పసుపు తగ్గిందని గమనించింది ఒక నర్సు. 1958లో దాని మీద పేపర్ వచ్చింది. అది నూటికి నూరు పాళ్ళు నిజమైన వైద్యం.

సుధ గారి నాన్నగారికి లివర్ తన పని తాను చేసేసింది. పైత్యరసం పేగులోకి దిగే గొట్టాన్ని గడ్డ నొక్కేసింది. దారి మూసుకుపోయినప్పుడు దారి తెరవాలి, అందుకే స్టెంట్. ఇక్కడ లైటుకి పనే లేదు.

సుధ గారూ, ఒక్కమాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. స్టెంట్ ఉన్న మనిషికి చలితో జ్వరం వచ్చినా, మళ్ళీ కళ్ళు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు. స్టెంట్ మూసుకుని ఇన్‌ఫెక్షన్ ఎక్కుతూ ఉండొచ్చు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.

రమణ_ఆర్టీ

నేను రేడియోథెరపీ విభాగంలో పనిచేస్తాను. మీరు చూసిన పేపర్లు ఫోటోడైనమిక్ థెరపీ గురించి అయ్యుంటాయి, పీడీటీ అంటారు. అది నిజం. మీ బాబాయి గారికి చెప్పిన ఎర్ర లైట్ల మంచానికి దానితో పోలిక పేరులో మాత్రమే.

పీడీటీకి మూడు కావాలి. కాంతి తగిలితే చురుకయ్యే మందు ఒకటి, సరైన రంగు కాంతి ఒకటి, కణాల్లో ఆక్సిజన్ ఒకటి. మందు రక్తంలోకి ఎక్కించి, అది గడ్డలో చేరేదాకా ఆగుతారు. తర్వాత ఒక సన్నటి ఫైబర్ ద్వారా లేజర్ కాంతిని నేరుగా గడ్డ దగ్గరికి పంపుతారు. కాంతి తగిలినచోట మందు ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది, ఆ ఆక్సిజన్ చుట్టుపక్కల కణాల్ని కాల్చేస్తుంది. రక్తనాళాలు కూడా మూసుకుపోతాయి. మూడింట్లో ఏది లేకపోయినా ఏమీ జరగదు.

ఫోటోఫ్రిన్ అనే మందుకి 630 నానోమీటర్ల ఎర్ర కాంతి వాడతారు. అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని 1995లో అన్నవాహిక క్యాన్సర్‌కి, 1998లో శ్వాసనాళంలో ఉండే ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఒప్పుకుంది. అన్నవాహిక, శ్వాసనాళం అంటే ఎండోస్కోప్ దూరే చోట్లు. ఫైబర్‌ని గడ్డకి ఆనించొచ్చు.

పాంక్రియాస్ ఎక్కడుంది? పొట్ట వెనక, వెన్నుపూసకి ముందు, లోతుగా. చీకట్లో టార్చి మీద అరచెయ్యి పెట్టి చూడండి, వేళ్ళ అంచుల్లో కాస్త ఎరుపు కనిపిస్తుంది, అంతే. ఎర్ర కాంతి ఒంట్లోకి దిగి పనిచేసేది ఇంచుమించు ఒక సెంటీమీటరు. బయట మంచం మీద పడుకుంటే ఆ వెలుగు చర్మం, కొవ్వు, కండరం, పేగులు దాటి పాంక్రియాస్‌కి చేరదు. భౌతికశాస్త్రమే ఒప్పుకోదు.

సహజ_జీవనం

మరీ అంత తీసిపారేయకండి. బొల్లి మచ్చలకి బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టడం మన ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉంది. మందు, వెలుగు కలిస్తే రోగం తగ్గుతుందని మన పెద్దలకి తెల్లవాళ్ళ కంటే ముందే తెలుసు. ఆ సెంటర్ వాళ్ళ పద్ధతిలో ఏదో ఉండొచ్చు. వెళ్ళి చూస్తే తప్పేముంది?

రమణ_ఆర్టీ

బావంచాల సంగతి నిజమే, నేనూ గర్వపడతాను. వాటిలో ఉండే సొరాలెన్ అనే పదార్థాన్నే ఇవాళ చర్మవైద్యులు అతినీలలోహిత కాంతితో కలిపి వాడుతున్నారు. 1903లో ఫిన్సెన్ అనే వైద్యుడికి నోబెల్ ఇచ్చింది కూడా చర్మక్షయకి కాంతి వైద్యం చేసినందుకే. కానీ అవన్నీ చర్మరోగాలండీ, వెలుగు తగిలే చోట ఉన్నవి. వెళ్ళి చూస్తే తప్పేముంది అన్నారు. కీమో మానేసి రమ్మంటున్నారు కదా, తప్పు అక్కడుంది.

డల్లాస్_కిరణ్

నేను కొంచెం విభేదిస్తాను. ఆ సెంటర్ మోసమే, అందులో అనుమానం లేదు. కానీ పాంక్రియాస్‌కి పీడీటీ కుదరదు అన్నట్టు మాట్లాడితే చదివేవాళ్ళు అసలు ట్రయల్స్ వైపు కూడా చూడరు. అమెరికాలో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే కొసన అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్‌తో, కడుపులోంచి సూది పంపి, దాని గుండా ఫైబర్ పెట్టి పాంక్రియాస్ గడ్డకి పీడీటీ చేశారు. ఇండియానా వైద్యుల బృందం 12 మందితో చేసిన మొదటి దశ అధ్యయనం 2019లో అచ్చయింది. లోతు సమస్యని సూదితో దాటేశారు. మా అత్తయ్యకి ఇదే జబ్బు వచ్చినప్పుడు ఇవన్నీ కూర్చుని చదివాను. ఆమెకి అప్పటికే లివర్‌కి పాకడంతో ట్రయల్‌లోకి తీసుకోలేదు. అయినా అలాంటి దారి ఒకటి ఉందని తెలియడం మాకు ముఖ్యం.

రమణ_ఆర్టీ

కుదరదు అనలేదు కిరణ్ గారూ, బయట నుంచి మంచం మీద కుదరదు అన్నాను. మీరు చెప్పిన అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది, సుధ గారికి అదే అవసరం. అందులో పీడీటీ తర్వాత జెమ్‌సైటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్ కీమో ఇచ్చారు. కీమోతో కలిపి చేసిన పని అది. కీమో ఎక్కితే లైటు పనిచేయదన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళనే అడగాలి.

లండన్_లలిత

ఇరవై ఏళ్ళ పైనే ఇక్కడ ఎండోస్కోపీ యూనిట్లలో నర్సుగా చేశాను. పాంక్రియాస్‌కి పీడీటీ మనుషుల మీద మొదట చేసి చూపించింది ఈ ఊళ్ళోనే, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు. 2002లో ఫలితాలు వచ్చాయి. 16 మంది, అందరికీ ఆపరేషన్ కుదరని, కానీ దూరం పాకని గడ్డలు. ఎంటీహెచ్‌పీసీ అనే మందు ఎక్కించి, సీటీలో చూస్తూ పొట్ట మీద నుంచి సూదులు దింపి, వాటిలోంచి కాంతి పంపారు. గడ్డలో కణాలు చచ్చిన మాట నిజం. పీడీటీ తర్వాత మధ్యస్థ ఆయుర్దాయం 9.5 నెలలు, అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారు. 16 మందిలో ఏడుగురు ఏడాది తర్వాత బతికే ఉన్నారు.

మరో వైపు కూడా చెప్పాలి. రక్తనాళాన్ని పట్టుకున్న గడ్డలున్న ఇద్దరికి లోపల బాగా రక్తస్రావమైంది. ముగ్గురికి పాంక్రియాస్ పక్కనుండే చిన్నపేగు మొదటి భాగం మూసుకుపోయింది. జుట్టు ఊడకపోవచ్చు, కానీ ఏ ఇబ్బందీ లేని వైద్యం అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే ఆపండి.

2014లో అదే బృందం వర్టెపోర్ఫిన్ అనే వేరే మందుతో ఇంకో 15 మందికి చేసింది. ఈ మందు కంటి రెటీనా జబ్బుకి చాలాకాలంగా వాడుకలో ఉన్నదే. ఒంట్లోంచి త్వరగా పోతుంది, అది పెద్ద మేలు. అక్కడా అందరూ గడ్డ పాంక్రియాస్ దగ్గరే ఉన్నవాళ్ళు. కాంతి మోతాదు పెంచుకుంటూ పోతే ఎంత మేర గడ్డ చస్తుందో కొలిచారు. అత్యధిక మోతాదులో దాదాపు 12 మిల్లీమీటర్లు.

సుధా, నువ్వు పట్టుకోవాల్సిన మాట ఇది. ఈ అధ్యయనాలన్నీ పాకనివాళ్ళకి. లైటు ఏ చోట పెడితే ఆ చోటే పనిచేస్తుంది. నాన్నగారికి లివర్‌లో ఉన్నాయి, కంటికి కనపడనివి రక్తంలో తిరుగుతూ ఉంటాయి. పాంక్రియాస్‌లో గడ్డని ఎంత బాగా కాల్చినా మిగతావి ఆగవు. ఒళ్ళంతా తిరిగే మందు కావాలి, అది కీమో.

డల్లాస్_కిరణ్

లలిత గారు చెప్పినవి ఒప్పుకుంటాను. కానీ పైత్యనాళం క్యాన్సర్ సంగతి? 2003లో జర్మన్ అధ్యయనం, 39 మంది. స్టెంట్ ఒక్కటే వేసినవాళ్ళు మధ్యస్థంగా 98 రోజులు, స్టెంట్‌తో పాటు పీడీటీ చేసినవాళ్ళు 493 రోజులు. ఇంత తేడా కీమోతో కూడా కనిపించదు. పక్కపక్కనే ఉండే అవయవాలు కదా.

లండన్_లలిత

అది చూసి మేమూ ఎంతో సంతోషించాం. అందుకే ఇక్కడ పెద్ద ట్రయల్ పెట్టారు, ఫోటోస్టెంట్-02 అని. 92 మంది. 2018లో ఫలితం చూస్తే తారుమారు. స్టెంట్ ఒక్కటే ఉన్నవాళ్ళు 9.8 నెలలు, పీడీటీ కూడా చేసినవాళ్ళు 6.2 నెలలు. రెండు గుంపులకీ కీమో అందడంలో తేడా కొంత కారణమని, మొత్తం కారణం అది కాదని వాళ్ళే రాశారు. చిన్న అధ్యయనంలో మెరిసింది పెద్దదానిలో నిలవకపోవడం నా ఉద్యోగంలో ఎన్నోసార్లు చూశాను. పాంక్రియాస్‌కి ఇప్పటిదాకా ఉన్నవి ఆ చిన్న అధ్యయనాలే. కీమోతో పోల్చి తేల్చిన పెద్ద ట్రయల్ ఏదీ ఇంకా రాలేదు.

డల్లాస్_కిరణ్

2018ది పాకినవాళ్ళని కూడా కలుపుకుని చేసింది, ఆ తేడా మరిచిపోవద్దు. పాకని గడ్డలకి ఆశ ఉందన్న నా మాట మీద నేను నిలబడతాను. సుధ గారి నాన్నగారికి మాత్రం మీరన్నదే సరి.

గుంటూరు_ఘాటు

ఆ మందు ఎక్కాక నెల రోజులు ఎండ తగలకూడదని చదివాను. మా రెంటచింతలలో మే నెలలో మందు లేకుండానే ఎవరూ బయటకి రారు, ట్రయల్ మా ఊళ్ళో పెట్టమనండి 😀

లండన్_లలిత

ఫోటోఫ్రిన్‌కి కనీసం 30 రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. వర్టెపోర్ఫిన్‌కి 5 రోజులు. చాలామందికి తెలియనిది ఏంటంటే, మామూలు సన్‌స్క్రీన్ క్రీములు ఇక్కడ అక్కరకు రావు. అవి అతినీలలోహిత కిరణాల్ని ఆపుతాయి, ఈ మందుని రెచ్చగొట్టేది కంటికి కనిపించే వెలుగు. ఒళ్ళంతా బట్ట కప్పుకోవాలి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాలి. అలాగని చీకటి గదిలో తలుపులేసుకుని కూర్చోకూడదు. ఇంట్లో ఉండే మెత్తటి వెలుగు వల్లే చర్మంలో మిగిలిన మందు మెల్లగా విరిగిపోతుంది. నిజమైన పీడీటీ చేసే చోట ఇదంతా ముందే కూర్చోబెట్టి చెబుతారు.

సుధా, ఆ సెంటర్ వాళ్ళు ఎండ గురించి ఏమన్నారు?

సుధ_టెక్కలి

ఎండ మాటే ఎత్తలేదు లలితక్కా. ట్రీట్‌మెంట్ అయ్యాక బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు.

లండన్_లలిత

అయితే ఆ చుక్కల్లో కాంతికి పనిచేసే మందు ఉందో లేదో నువ్వే ఆలోచించు.

కరీంనగర్_పోచన్న

మా బామ్మర్దికి ఇదే జబ్బు. వాళ్ళింట్ల కూడా గిట్లనే ఒక సెంటర్ పేరు చెప్పిండ్రు. పేరు ఇక్కడ రాయను. లైట్లు, చుక్కలు, "ఇమ్యూనిటీ" అని ఇంకేదో సెలైన్. మూడెకరాల్ల ఎకరం అమ్మిండ్రు. మొదట్ల మనిషి హుషారైనట్టే కనిపించిండు, సెలైన్లల్ల ఏం కలిపిండ్రో దేవుడికెరుక. తర్వాత కడుపుల నీళ్ళు వచ్చినయి. అప్పుడు ఫోన్ చేస్తే "మీరు ఆలస్యంగా తీసుకొచ్చిండ్రు" అన్నరు. పైసలు తీస్కునే రోజు ఆ ముచ్చట చెప్పలే. పెద్దాసుపత్రికి పోయేసరికి కీమో తట్టుకునే బలం లేదన్నరు.

సుధమ్మా, కీమో తీసుకుంటే బతికేటోడని నేను అనను. నాకు మండేది ఒక్కటే. తీసుకుందామా వద్దా అని ఆలోచించే అవకాశమే మాకు లేకుండ చేసిండ్రు.

సహజ_జీవనం

పోచన్న గారి బాధ అర్థమైంది, నిజంగా. కానీ కీమో వల్ల మాత్రం ఏమొస్తుంది? నాలుగో స్టేజీలో నయం కాదని డాక్టర్లే అంటారు. ఉన్న నాలుగు నెలలూ వాంతులతో గడపడం కంటే ప్రశాంతంగా ఉండనివ్వడం మేలు కాదా?

గ్యాస్ట్రో_పీజీ

ఈ ప్రశ్న అడగాల్సిందే, తప్పు లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. సుధ గారూ, అంకెలు చూడాలని లేకపోతే ఈ పోస్టు వదిలేయండి.

పాకిన పాంక్రియాస్ క్యాన్సర్‌ని కీమో నయం చేయదు. 2011లో వచ్చిన ఫ్రెంచ్ ట్రయల్‌లో ఫోల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కలయిక తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుర్దాయం 11.1 నెలలు, పాత మందు జెమ్‌సైటబిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ళది 6.8. రెండేళ్ళ తర్వాత జెమ్‌సైటబిన్‌కి నాబ్-పాక్లిటాక్సెల్ కలిపితే 8.5 నెలలు, కలపకపోతే 6.7. మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ బతికారని కూడా అర్థం. ఫోల్ఫిరినాక్స్ బలమైనది, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళకే ఇస్తారు. కానీ అదే ట్రయల్‌లో ఒక మాట నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది: ఆ బలమైన మందులు తీసుకున్నవాళ్ళలోనే జీవన నాణ్యత దిగజారడం ఆలస్యమైంది. గడ్డ అదుపులో ఉంటే నొప్పి తగ్గుతుంది, తిండి సయిస్తుంది. వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి, పాత రోజుల్లో విన్న కీమో కథలు అలాగే ఉండవు.

కీమో వద్దు, నొప్పి లేకుండా చూసుకుంటే చాలు అని రోగి తెలిసి నిర్ణయించుకుంటే అదీ గౌరవించాల్సిన నిర్ణయమే. అలా అనుకున్నవాళ్ళు కూడా లైట్ల మంచానికి లక్షలు కట్టనక్కర్లేదు.

ఇంకోటి, బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే పరీక్ష గురించి మీ డాక్టరు గారిని అడగండి. ఆ మార్పు ఉన్నవాళ్ళకి ప్లాటినం ఉన్న మందుల కీమో బాగా పనిచేస్తుంది. గడ్డ అదుపులోకి వచ్చాక ఒలాపరిబ్ మాత్రలు వాడే వీలుంటుంది.

ఫార్మా_ప్రవీణ్

హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ పనిలో ఉన్నాను. "మాది రీసెర్చ్, ప్రయోగాత్మక చికిత్స" అని ఎవరు చెప్పినా మొదట సీటీఆర్ఐ నంబరు అడగండి. అది మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, 2009 నుంచి ట్రయల్ ఏదైనా అందులో నమోదు కావాల్సిందే. వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. నంబరు ఉంటే ఏ జబ్బుకి, ఏ మందు, ఏ ఆసుపత్రి, ఎథిక్స్ కమిటీ ఎవరు అన్నీ కనిపిస్తాయి.

నిజమైన ట్రయల్‌లో ప్రయోగపు మందుకి సాధారణంగా రోగి దగ్గర డబ్బు తీసుకోరు. మీకు అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఇస్తారు, ఇంటికి తీసుకెళ్ళి చదువుకోనిస్తారు. రేపటిలోగా అడ్వాన్స్ కట్టండి అనరు. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

ఆ సెంటర్ పాంఫ్లెట్‌లో క్యాన్సర్ నయం చేస్తామని అచ్చేసి ఉంటే దాన్ని జాగ్రత్తగా దాచండి. క్యాన్సర్‌ని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

సుధ_టెక్కలి

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఇవాళ బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్ పెట్టి ఆ సెంటర్‌కి ఫోన్ చేశాను. చుక్కల మందు పేరు అడిగితే "ఫార్ములా బయట పెట్టం" అన్నారు. సీటీఆర్ఐ నంబరు అడిగితే "మాది ట్రయల్ కాదు, ప్రూవ్ అయిన ట్రీట్‌మెంట్" అన్నారు. అయితే లివర్‌లో మచ్చల దాకా లైటు ఎలా వెళ్తుందని అడిగాను. "మీరు నెట్ చూసి మాట్లాడుతున్నారు, నమ్మకం లేనివాళ్ళకి పనిచేయదు" అని పెట్టేశారు. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన చెడు కోరి తేలేదు, అన్న కోసం ఎక్కడ ఆశ కనిపిస్తే అక్కడికి పరుగెత్తారు.

ఇప్పుడు అసలు కష్టం నాన్నని ఒప్పించడం. ఆయనకి క్యాన్సర్ అని తెలుసు, పాకిందని ఇంకా చెప్పలేదు.

నెల్లూరు_పద్మ

చెప్పేయండి సుధా. మా అమ్మకి చెప్పకుండా దాచాం, ఆమె మా ముఖాలు చూసి ముందే కనిపెట్టేసింది. మీరంతా గుసగుసలాడుతుంటే నాకే భయమేస్తోంది అంది. డాక్టరు గారి దగ్గర కూర్చుని మెల్లగా చెప్పించాక ఆమె అడిగిన మొదటి మాట, "మనవరాలి ఓణీల ఫంక్షన్ ముందుకి జరపొచ్చా?" అని. జరిపాం. అమ్మ పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుని అందరికీ తాంబూలాలు ఇచ్చింది. దాచిపెట్టి ఉంటే అది జరిగేది కాదు.

కీమో అంటే భయపడుతుంటే డే కేర్ వార్డుకి ఒకసారి ఊరికే తీసుకెళ్ళి చూపించండి. సెలైన్ పెట్టించుకుంటూ ఫోన్లో సినిమాలు చూసుకునేవాళ్ళు, పక్కవాళ్ళతో కబుర్లాడేవాళ్ళు కనిపిస్తారు.

కరీంనగర్_పోచన్న

నొప్పి సంగతి ముందే మాట్లాడి పెట్టుకో బిడ్డా. ఈ జబ్బుల నడుముకి పాకే నొప్పి చాన చెడ్డది. మార్ఫిన్ మాత్రలు అంటే జనం భయపడతరు, అలవాటైతదని. మా బామ్మర్దికి చివరికి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిల పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్ళు మార్ఫిన్ ఇచ్చినంకనే రాత్రి నిద్రపట్టింది. ఆ వైద్యం మొదట్నుంచే తీసుకోవచ్చని అప్పుడు తెలిసింది.

గ్యాస్ట్రో_పీజీ

పోచన్న గారన్నది అక్షరాలా సరి. పాలియేటివ్ కేర్ అంటే ఆఖరి వారం వైద్యం అనుకుంటారు. కీమోతో పాటే మొదలుపెట్టాలి. మాత్రలకి లొంగని నొప్పికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అని ఉంది, సీలియాక్ ప్లెక్సస్ అనే నరాల గుత్తి దగ్గర ఇంజెక్షన్ ఇస్తారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో చేయొచ్చు. కిరణ్ గారు చెప్పిన ఆ సూది దారే ఇది, ఇవాళ మన ఊళ్ళలో పాంక్రియాస్ రోగికి ఇలా పనికొస్తోంది.

డల్లాస్_కిరణ్

రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టెక్కలి నుంచి అందేదే. అక్కడికి కూడా వెళ్ళలేకపోతే టాటా వాళ్ళతో కలిసి నడిచే నవ్య అనే ఆన్‌లైన్ సేవకి రిపోర్టులు పంపొచ్చు. సెకండ్ ఒపీనియన్ కోసం కీమో తేదీ మాత్రం జరపకండి.

రమణ_ఆర్టీ

ఒక చిన్న విషయం కలుపుతాను, తర్వాత మీరు తికమక పడకుండా. కీమోలో నోట్లో పుళ్ళు రాకుండా కొన్ని ఆసుపత్రుల్లో తక్కువ శక్తి ఎర్ర లేజర్ నోట్లో చూపిస్తారు. ఫోటోబయోమాడ్యులేషన్ అంటారు. దానికి ఏ మందూ ఎక్కించరు. కణాల్ని చంపడానికి కాదు, పుండు మానడానికి. మీ ఆసుపత్రిలో ఎవరైనా లేజర్ అంటే ఇది కూడా మోసమేమో అని కంగారు పడొద్దు.

సుధ_టెక్కలి

నాన్నకి డాక్టరు గారే చెప్పారు, నేనూ బాబాయీ పక్కనే ఉన్నాం. కాసేపు కిటికీలోంచి చూశారు. తర్వాత "లైట్లకి కట్టే డబ్బు చెల్లి పేరున బ్యాంకులో వెయ్యి" అన్నారు. బిలిరుబిన్ బాగా దిగింది. ఓపిక చూసి జెమ్‌సైటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్‌తో మొదలుపెడుతున్నారు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ మేరకు వస్తుందో ఆసుపత్రి వైద్యమిత్రని అడుగుతున్నాం. జన్యు పరీక్షకి రక్తం ఇచ్చాం. డే కేర్ వార్డు చూపించాను పద్మ గారూ, అక్కడ పలాస ఆయన ఒకరు కలిశారు. ఇద్దరూ జీడితోటల గురించి మాట్లాడుకుంటూ నన్ను మరిచిపోయారు.

ఒక డౌట్. ఏం తిన్నా జిడ్డుగా విరేచనం అవుతోందంటే ఎంజైమ్ క్యాప్సూల్స్ రాశారు. చీటీలో "భోజనంతో" అని ఉంది. ముందు వేయాలా, తిన్నాకా?

నెల్లూరు_పద్మ

మొదటి ముద్దతో వేయండి. ఒకటి కంటే ఎక్కువ రాసి ఉంటే మిగతావి భోజనం మధ్యలో. నమలకూడదు, వేడి కాఫీతో మింగకూడదు, చల్లటి నీళ్ళతోనే. పాలు తాగినా, సాయంత్రం పునుగులు తిన్నా అప్పుడూ కావాలి, భోజనానికే అనుకోకండి. మోతాదు చాలకపోతే జిడ్డు ఆగదు, అప్పుడు డాక్టరు గారికి చెబితే పెంచుతారు.